16 పొద్దులు, ఐదు నమాజులు

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది. మనకు ఒక రోజు గడిచేలోపు అక్కడివారికి 16 సార్లు పొద్దు పొడిచి, 16 సార్లు కుంకుతుంది. మరి అక్కడి ముస్లిం 80 నమాజులు చేయాలా?

మలేషియా వైద్యుడు షేక్ ముజఫర్ షుకూర్ 2007 అక్టోబరులో, రంజాన్ ముగుస్తుండగా, అక్కడికి వెళ్లారు. ఈ ప్రశ్నకు ఆ దేశపు ఉలేమాలు ముందే జవాబిచ్చారు. నమాజులు ఐదే. వేళలు రాకెట్ బయలుదేరిన చోటివి, అంటే కజకిస్తాన్‌లోని బైకనూరువి. వీలైతే కాబా వైపు, లేకుంటే భూమి వైపు, అదీ కుదరకుంటే ఎటైనా సరే.

ఇక వుజూ. మనం కుళాయి తిప్పితే నీరు ధార కడుతుంది. అక్కడ ముద్దలా చేతికే అంటుకుంటుంది. చెమటనూ మూత్రాన్నీ శుద్ధి చేసి తాగే చోటు అది. స్నానమంటే తడిగుడ్డతో తుడుచుకోవడమే. అందుకే తయమ్ముమ్ చాలన్నారు. సజ్దా మాటేమిటి? పాదాలు దేనికైనా తగిలించుకుంటేగాని మనిషి నిలవడే! కూర్చునో, పడుకునో, చివరికి కనురెప్పల సైగతోనో చేయవచ్చన్నారు.

ఉపవాసం తిరిగొచ్చాకైనా ఉండవచ్చు. ఎముకలు, కండరాలు సడలకుండా రోజూ రెండు గంటలు వ్యాయామం చేయాల్సిన చోట ఇది చిన్న వెసులుబాటు కాదు. 2023లో ఆరు నెలలు అక్కడున్న ఎమిరేట్స్ వ్యోమగామి సుల్తాన్ అల్ నెయాదీ కూడా, తాను ప్రయాణికుణ్ణని, తోటివారికి ముప్పు రాకుండా తగినంత తినవచ్చని వెళ్లేముందే చెప్పారు.