ముందు ఒరగాల్సింది ఒళ్లు కాదు, బోర్డు

మంచు వాలు మీద ఒక మలుపు తిరిగాక ఆగి, వెనక్కి తిరిగి మీ జాడ చూడండి. మంచు వెడల్పుగా చెదిరిపోయి ఉంటే బోర్డు పక్కకు జారుతూ తిరిగిందని అర్థం. సన్నటి గీత ఒక్కటే మిగిలితే, అంచు మంచును కోసుకుంటూ వెళ్లిందని అర్థం. ఈ రెండోదాన్నే కార్వింగ్ అంటారు. ఆల్పైన్ స్నోబోర్డు తయారైందే ఇందుకు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో చెక్ క్రీడాకారిణి ఎస్తర్ లెడెట్స్కా స్కీయింగ్ సూపర్-జీలోనూ, స్నోబోర్డు ప్యారలల్ జెయింట్ స్లాలమ్‌లోనూ స్వర్ణాలు గెలిచింది. ఆ రెండో పోటీలో ఆమె కాళ్ల కింద ఉన్నది ఈ రకం బోర్డే. ఇది పొడవుగా, సన్నగా ఉంటుంది. గట్టి ప్లాస్టిక్ బూట్లతో, ఇంచుమించు ప్రయాణించే దిక్కుకే తిరిగి దీని మీద నిలబడతారు. మెత్తటి బూట్ల బోర్డు మీద కొంతకాలం తిరిగి, ఇప్పుడు దీనికి మారుతున్నవారి కోసం ఈ మాటలు.

పాదాలను అంత ఏటవాలుగా బిగించడానికి కారణం బోర్డు వెడల్పే. మామూలు బోర్డు నడుము దగ్గర సుమారు 25 సెంటీమీటర్లుంటే, ఆల్పైన్ బోర్డు 18 నుంచి 21 లోపు ఉంటుంది. బూటు అంతకంటే పొడవు. పాదం అడ్డంగా పెడితే బొటనవేలి వైపో, మడమ వైపో బూటు అంచు దాటి బయటికొస్తుంది. బోర్డును బాగా ఒరిగించగానే ఆ బూటు మంచుకు తగిలి అంచును పైకెత్తేస్తుంది. పట్టు పోతుంది, మనిషి జారిపోతాడు. అందుకే ముందు పాదం 55 నుంచి 65 డిగ్రీలు, వెనక పాదం దానికంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు తక్కువ పెడతారు. ఎవరో రేసర్ 65 పెట్టుకున్నాడని మీరూ పెట్టుకోనక్కర్లేదు. బూటు ముందూ వెనకా అంచు దాటకుండా ఉండే అతి తక్కువ కోణం మీకు చాలు. కోణం అవసరానికి మించితే పక్కలకు నిలకడ తగ్గుతుంది.

సగటు ఎత్తు మనిషికి రెండు పాదాల మధ్య 45 నుంచి 50 సెంటీమీటర్ల దూరం సరిపోతుంది. ముందు బూటు వేళ్ల కిందా, వెనక బూటు మడమ కిందా చిన్న వాలు దిమ్మలు పెట్టి ఎత్తితే మోకాళ్లు హాయిగా వంగుతాయి. మరీ గట్టి రేసు బూట్లు మొదట్లో వద్దు. వాటిలో చీలమండ వంగదు, అది వంగకపోతే పైనున్నదేదీ సరిగా వంగదు. బోర్డు విషయంలోనూ అంతే. పక్క అంచు వంపు వ్యాసార్ధం 20 మీటర్లున్న రేసు బోర్డుకు వేగం కావాలి, విశాలమైన వాలు కావాలి. కొత్తవారికి 12 మీటర్ల లోపుది మంచిది.

అసలు చిక్కు ఒళ్లు ఒరగడంలో ఉంది. మంచును చేత్తో తాకుతూ పడుకున్నట్టు వెళ్లే నిపుణుల వీడియోలు చూసి, కొత్తవాళ్లు భుజాన్ని మలుపు లోపలికి పడేస్తారు. ఇది ఎందుకు పనిచేయదో చిన్న లెక్కలో చూడవచ్చు. బోర్డు పక్క అంచుల్లో ఒక వంపు ఉంటుంది. బోర్డును ఎంత ఒరిగిస్తే ఆ వంపు మంచు మీద అంత బిగువైన మలుపు గీస్తుంది. 12 మీటర్ల వ్యాసార్ధపు బోర్డును గట్టి మంచు మీద 45 డిగ్రీలు ఒరిగిస్తే సుమారు 8.5 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది, 60 డిగ్రీలైతే 6 మీటర్లతో. ఆ 8.5 మీటర్ల మలుపులో ఒళ్లు కూడా 45 డిగ్రీలు ఒరిగి పడిపోకుండా ఉండాలంటే గంటకు దాదాపు 33 కిలోమీటర్ల వేగం ఉండాలి. మీరు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకోండి. అప్పుడు ఒంటి బరువు ఒరగగలిగేది 17 డిగ్రీలే. వాలులో ఈ అంకెలు కొంత మారతాయి కానీ సంగతి మారదు. ఒళ్లు ఎంత ఒరగాలో వేగమే నిర్ణయిస్తుంది. మిగతా ఒరుగు చీలమండలు, మోకాళ్లు, తుంటి వంచి బోర్డుకు ఇవ్వాలి. నిపుణుడి చెయ్యి మంచును తాకేది ఆ వేగం ఉండబట్టి. చెయ్యి చాచినంత మాత్రాన మలుపు రాదు.

కాబట్టి ఒక్క అలవాటు చేసుకోండి: మలుపు లోపలి చేతిని పైనే ఉంచి, బయటి చేతిని కిందికి దించడం. మడమ అంచు మీద తిరిగేటప్పుడు వెనక చెయ్యి ముందు మోకాలి వైపు రావాలి. వేళ్ల అంచు మీదైతే ముందు చెయ్యి ముందు బూటు పై అంచు వైపు దిగాలి. భుజాలు వాలుకు సమాంతరంగా వచ్చి, బరువు సరిగ్గా అంచు మీద పడుతుంది. మడమ వైపే ఎక్కువమంది కష్టపడతారు. కుర్చీలో కూర్చోబోతున్నట్టు తుంటిని వెనక్కి తోసి, ఛాతీని ముందుకు వంచేస్తారు. బరువు అంచుకు అవతల పడి బోర్డు దడదడలాడుతుంది. తుంటిని బోర్డు ముక్కు వైపు తిప్పి, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచితే ఆ దడ చాలావరకు తగ్గుతుంది.

సాధనకు తక్కువ వాలు ఎంచుకోండి. ఉదయాన్నే యంత్రం చదును చేసి, గాట్లు గాట్లుగా వదిలిన మంచు దీనికి అన్నిటికంటే అనువైనది. ముందు వాలుకు అడ్డంగా ఒకే అంచు మీద వెళ్లి జాడ చూసుకోండి. గీత సన్నగా వచ్చాక, ముక్కును కొంచెం కిందికి పెట్టి, బోర్డును ఒరిగించి వేచి ఉండండి. అది తనంతట తాను తిరిగి, పైకెక్కి ఆగుతుంది. ఇక్కడ కావలసింది ఓపిక. వెనక కాలితో బోర్డు తోకను తోసేస్తే మలుపు త్వరగా వస్తుంది, గీత మాత్రం చెరిగిపోతుంది. రెండు వైపులా ఇది కుదిరాకే మలుపులు కలపండి. ముక్కు కిందికి తిరగకముందే అంచు మార్చాలి. బరువు మలుపు మొదట్లో ముందు కాలి మీద కాస్త ఎక్కువగా, మధ్యలో సమంగా, చివర్లో కొంచెం వెనక్కి ఉండాలి. చూపు బోర్డు ముక్కు మీద కాకుండా మలుపు ముగిసే చోట నిలపండి. వేగం ఎక్కువైందనిపిస్తే బోర్డును అడ్డం తిప్పకండి, అదే వంపును మరికాస్త పైకి సాగనివ్వండి. వేగం దానంతటదే తగ్గుతుంది.

ఇలా తిరిగేవారు వాలు మొత్తాన్ని వాడుకుంటారు, ఒక్కోసారి పైకి కూడా ఎక్కుతారు. పైనుంచి వచ్చేవారికి ఆ దారి ముందుగా తెలియదు. వెనక నుంచి వచ్చేవారే ముందున్నవారిని తప్పించుకోవాలని అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డు సమాఖ్య నియమం చెబుతుంది. వాలులో పైకి కదిలేవారు కింది వైపే కాక పై వైపూ చూసుకోవాలని కూడా అదే నియమావళి చెబుతుంది. హెల్మెట్ పెట్టుకోండి, పెద్ద మలుపు మొదలుపెట్టే ప్రతిసారీ పైకి ఒకసారి చూసుకోండి.