ముందు నడచు రాజు

చదరంగమున దాగియుండుట రాజునకు సగము ధర్మమే; బలములు సమసిన పిమ్మట బంటునకు బాట వేయుట తక్కిన సగము.

జంషెడ్‌పూరునకు చదరంగముతోడి చుట్టరికము ఉక్కు వలన కలిగినది. 1912 ఫిబ్రవరిలో ఇచ్చట తొలి ఉక్కుదిమ్మె వెలువడినది మొదలు, ఉత్తరాంధ్రమునుండి తరలివచ్చిన తెలుగు శ్రామికుల చెమటను గూడ కలుపుకొని పెరిగిన టాటా సంస్థ 2007లో కోరస్ అను ఉక్కు సంస్థను కైవసము చేసికొనగా, ఆ సంస్థకు చెందిన హాలండు ఉక్కు కర్మాగారపు ఆదరణలో 1938లో మొలకెత్తి, 1968లో వైక్ ఆన్ జీ గ్రామమునకు తరలిన సుప్రసిద్ధ చదరంగ పోటీ 2011 నుండి టాటా స్టీల్ పేర జరుగుచున్నది. 2022లో అచ్చటి ఛాలెంజర్స్ విభాగమున ఓరుగల్లు యువకుడు ఎరిగైసి అర్జున్ 13 ఆటలకు 10.5 పాయింట్లు గడించి ప్రథముడయ్యెను. అట్టి వేదికలపై సమబలుల పోరు తుదిఘట్టమునకు చేరినప్పుడు, జయాపజయములను తరచుగా తేల్చునది రాజు నడకయే.

కోట లోపల

బోర్డు నడుమ ఎనిమిది గడులకు, మూలనున్నచో మూడింటికి మాత్రమే కదలగల రాజు, ఏనుగువలె దూరము పోలేడు, గుర్రమువలె దూకలేడు. ఐనను సేన యంతయు సజీవముగా నున్నను అతడు చిక్కెనా, ఆటకట్టు. కావుననే మంత్రియు ఏనుగులును చెలరేగు వేళ అతడు కోట కట్టుకొని యొదుగుట పిరికితనము గాదు, వివేకము. కోట కట్టు నియమమెరుగని మన పాత పద్ధతిలో, పలుచోట్ల, చెక్ తగులకమునుపు రాజు ఒక్కమారు గుర్రపుటెత్తు వేయు వెసులుబాటుండెడిది.

కోట వెలుపల

పెద్ద బలములు మారిపోయిన పిమ్మట ఆ వివేకమే అతనిని వెలికి పిలుచును. అప్పుడతని పోరాటశక్తి గుర్రమునకును శకటునకును ఒకింత మిన్నయని నిపుణుల అంచనా. 1921లో రిచర్డ్ రేటి కూర్చిన సమస్యలో, శత్రుబంటును పట్టుటకును సొంత బంటును కాచుటకును అందనంత దూరమున నున్న రాజు, ఐమూలగా నడచుచు ప్రతి యడుగునను రెండు గమ్యములకును చేరువై ఓటమిని తప్పించుకొనును. 1991లో టిల్బర్గ్ నగరమున నైజెల్ షార్ట్, మంత్రులును ఏనుగులును బోర్డుపై నుండగనే, తన రాజును నాలుగడుగులు నడిపించి శత్రుదుర్గపు గుమ్మమున నిలుపగా, యాన్ టిమ్మన్ ఓటమి నంగీకరించెను.

బంటునకు బాట

ఒంటరి రాజు నెదిరించి ఒక్క బంటుతో గెలువవలసిన వేళ, అది అంచుబంటు గానిచో, మన రాజు ఆరవ వరుసను చేరి, బంటు అతని వెనుక ఐదవ వరుసలో నుండెనేని, ఎత్తు ఎవరిదైనను గెలుపు తథ్యము. బంటును ముందునకు తోలి రాజు వెనుకబడెనా, తరచు డ్రాయే దక్కును. కాబట్టి పిల్లలకు ఆరంభపుటెత్తులను వల్లెవేయించుటకు పూర్వమే రాజును, బంటును మాత్రమే బోర్డుపై నుంచి ఈ పాఠము నేర్పవలయును. బలహీనుని గమ్యమునకు చేర్చుటకై తాను ముందు నడచుట కంటె రాజునకు వేరొక గౌరవము లేదని వారు ఆటలోనే గ్రహింతురు.