మలబద్ధకము - ఆహారము, అలవాట్లు

నెలకొకమారు పిల్లలచేత ఆముదము త్రాగించు ఆచారము ఒకప్పుడు తెలుగు ఇండ్లలో విరివిగా నుండెను. కడుపు శుభ్రపడని దినమున దేహమంతటను విషము వ్యాపించునను భయమే దీనికి మూలము. ఆ భయమునకు ఆధారము లేదు. ఆరోగ్యవంతులలో కొందరికి దినమునకు రెండుమారులును, కొందరికి రెండు దినముల కొకమారును మలవిసర్జన మగును. వారమునకు మూడుమారులకన్న తక్కువగా అగుట, మలము గట్టిపడి ముక్కవలసివచ్చుట, ఇంకను మిగిలియున్నదను భావము కలుగుట మలబద్ధకమునకు గుర్తులు.

మలమునుండి నీటిని పీల్చుకొనుట పెద్దప్రేవు చేయు పని. ఎంత ఎక్కువకాలము అందు నిలిచియుండునో మలము అంతగా ఎండి గట్టిపడును. ఆహారములోని పీచు నీటిని పట్టియుంచి దానిని మెత్తపరచి ముందునకు నడిపించును. మరలో తెల్లగా పట్టిన బియ్యము 100 గ్రాములలో పీచు సుమారు 3 గ్రాములు. అంతే తూకము జొన్నలలో 10, రాగులలో 11 గ్రాములు కలదు. పెద్దలకు దినమునకు కనీసము 25 గ్రాముల పీచు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. మూడు పూటలను తెల్లని అన్నము, పచ్చడి, మజ్జిగలతో సరిపుచ్చుకొనువారికి ఇది సమకూరుట కష్టము. ఒకపూట జొన్నరొట్టెయో రాగిసంకటియో తిని, పప్పులో తోటకూర, ప్రక్కన గోరుచిక్కుడు కూర, ఒక జామపండు చేర్చుకొన్నచో చాలవరకు లోటు తీరును. ఖరీదైన పండ్లు అక్కరలేదు. పీచును కొద్దికొద్దిగా పెంచవలెను. లేనిచో కడుపు ఉబ్బరించును. దానితోపాటు నీటిని తగినంత త్రాగవలెను.

ఉదయము ఏదైనను తినినయెడల, కొంతసేపటికి ప్రేవులు సహజముగా కదలును. ఆ వేగమును మాటిమాటికి అణచుకొన్నచో అది మందగించును. బడిలోని మరుగుదొడ్డి మురికిగా నున్నదని సాయంత్రము వరకు ఓర్చుకొను బాలికయు, పనిచోట మరుగులేక నీరే త్రాగని స్త్రీయు ఈ బాధను కోరి తెచ్చుకొనుటలేదు. వారికి ఉపదేశముకన్న ముందు తలుపు, గడియ, నీరు గల మరుగుదొడ్డి అవసరము. ఇంటిలోనైనను, ఉదయపు పనులన్నియు ముగిసినగాని తీరిక దొరకని ఇల్లాలికి ఆ పది నిమిషములను కల్పించుట తక్కినవారి బాధ్యత.

గర్భిణులకు ఇచ్చు ఇనుము మాత్రలవలన కొందరికి మలము గట్టిపడును. అందుకై మాత్రలను మానరాదు. రక్తహీనత తల్లికిని బిడ్డకును అంతకన్న మిక్కిలి హానికరము. ఈ ఇబ్బందిని ఆరోగ్య కార్యకర్తకో వైద్యునికో చెప్పినచో ఉపాయము చూపుదురు. ఆముదమును, ఇతర భేదిమందులను మాత్రము వైద్యుని సలహాలేక గర్భిణులు తీసికొనరాదు.

ఇసబ్గోలు పొట్టును నిండు గ్లాసు నీటితో త్రాగవలెను. కొద్ది నీటితో మ్రింగినచో గొంతులో అడ్డుపడవచ్చును. మలములో రక్తము కనిపించినను, కారణములేక బరువు తగ్గినను, నడివయస్సు దాటిన పిమ్మట మలవిసర్జన క్రమము క్రొత్తగా మారినను వైద్యునికి చూపించుకొనవలెను. కడుపు ఉబ్బి, వాంతులగుచు, అపానవాయువు సైతము వెలువడనియెడల భేదిమందు ఇచ్చుట ప్రాణాపాయకరము. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.