మీకు తెలుసా? సుబ్బారావు గారి రెండు దారులూ మైటోకాండ్రియాలో కలిశాయి

భీమవరంలో 1895లో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారి ఘనతల్లో రెండు మరీ పెద్దవి. ఒకటి, 1929లో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుక్కున్న, కణానికి శక్తినిచ్చే ఏటీపీ. రెండోది, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్, ఆ వెంటనే దాని పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్ వంటి మందులు. ఈ రెండూ రొమ్ము క్యాన్సర్ కణంలో ఒకే చోట ఎదురుపడతాయి.

ఆ చోటు మైటోకాండ్రియా. ఏటీపీ ఎక్కువగా తయారయ్యేది అక్కడేనని బళ్లో చదువుకున్నాం. ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ దీని ఒక రూపం) పని కూడా కొంత అక్కడే సాగుతుంది. కణం రెండు కావాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, దాని తయారీకి ఫోలేట్ కావాలి. గర్భిణులకు ఏఎన్ఎంలు ఫోలిక్ యాసిడ్ బిళ్లలు ఇచ్చేది ఇందుకే. ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణానికి ఈ అవసరం మరీ ఎక్కువ.

2014లో అదే హార్వర్డ్‌కు చెందిన, తెలుగు మూలాలున్న వంశీ మూతా, ఆయన సహచరులు 19 రకాల క్యాన్సర్లలో 1,981 కణితులను తీసుకుని, 1,454 ఎంజైముల జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో పోల్చి చూశారు. కణితుల్లో చురుగ్గా ఉన్నవాటిలో మెథోట్రెక్సేట్ దెబ్బకొట్టే ఎంజైమూ బయటపడింది. అన్నిటికన్నా పైన నిలిచింది మాత్రం మైటోకాండ్రియాలోని ఫోలేట్ మార్గం, దానికి కేంద్రంగా ఎంటీహెచ్ఎఫ్‌డీ2 అనే ఎంజైమ్. అది హెచ్చుగా ఉన్న రొమ్ము క్యాన్సర్ రోగులు బతికే కాలం తక్కువగా కనిపించింది.

నాకు ఎంతో ఆశ కలిగించేది ఇంకొకటుంది. ఈ ఎంజైమ్ కడుపులోని పిండంలో ఉంటుంది. పెద్దయ్యాక ఆరోగ్యంగా ఉన్న కణజాలాల్లో చాలావాటిలో కనిపించదు, నిత్యం విభజన జరిగేవాటిలో కూడా. మెథోట్రెక్సేట్ మంచి కణాలనూ వదలదు, నోటిపూత, రక్తకణాలు పడిపోవడం అందువల్లే. ఎంటీహెచ్ఎఫ్‌డీ2ను మాత్రమే ఆపే మందు దొరికితే రోగికి ఆ బాధ తగ్గవచ్చు.

అయితే ఎంజైమ్ పెరగడం, ఆయుష్షు తగ్గడం జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలినట్టు కాదు. ఈ ఎంజైమ్‌ను కొలవడం ఆస్పత్రిలో మామూలుగా చేసే పరీక్ష కూడా కాదు. బయాప్సీ రిపోర్టు చేతికొస్తే డాక్టరు గారిని అడగాల్సినవి ఇప్పటికీ గడ్డ సైజు, చంకలోని గ్రంథుల సంగతి, ఈఆర్, పీఆర్, హెర్2 అనే గ్రాహకాల పరీక్ష ఫలితాలే.