కంప్యూటరుకు తేలికపాటి సారథి

కంప్యూటరు తనంత తానుగా ఏ పనీ చేయజాలదు. మీట నొక్కిన అక్షరం తెరపై కనబడవలెనన్నా, వ్రాసిన పాఠం డిస్కులో నిలవవలెనన్నా, ఒకే సమయంలో రెండు మూడు పనులు సాగవలెనన్నా, ఈ ఏర్పాట్లన్నీ చూచే ప్రోగ్రాము ఒకటి ఉండాలి. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఏ గదిలో ఏ తరగతి, ఏ పీరియడులో ఏ పాఠం అనేది ప్రధానోపాధ్యాయుడు నిర్ణయించినట్లే, మెమరీలో ఏ ప్రోగ్రాముకు ఎంత చోటు, ప్రాసెసరు కాలంలో ఎవరి వంతు ఎప్పుడు అనేది ఇది నిర్ణయిస్తుంది.

అయితే ప్రధానోపాధ్యాయుని సామానే బడిలోని గదులన్నిటినీ ఆక్రమిస్తే పాఠాలెక్కడ జరుగుతాయి? విండోస్ 11 నడవడానికి కనీసం 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల డిస్కు కావాలి. దానికి ముందున్న విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. తెర, మీటలు, ప్రాసెసరు అన్నీ చక్కగా ఉన్న యంత్రాలు కూడా ఆ విధంగా ‘పాతవి’ అయినాయి. చెడినది యంత్రం కాదు, పెరిగినది సారథి బరువు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంతవరకు చిన్నది చేయవచ్చునో తెలుసుకొనడానికి టైనీకోర్ లినక్స్ మంచి ఉదాహరణ. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెలే దీనికి మూలం. 50 మెగాబైట్లకు మించరాదనే నియమంతో తయారైన డామ్ స్మాల్ లినక్స్ అనే వ్యవస్థకు పనిచేసిన రాబర్ట్ షింగిల్‌డెకర్, ఆ పరిమాణం కూడా ఎక్కువే అన్నట్లు టైనీకోర్‌ను ప్రారంభించాడు. దీని మొదటి స్థిరమైన రూపం 2009లో వెలువడింది. ఇటీవలి రూపాలలో తెరపై బొమ్మలతో సహా మొత్తం సుమారు 23 మెగాబైట్లు, అనగా నేటి ఫోనుతో తీసిన నాలుగైదు ఫొటోలంత! 46 మెగాబైట్ల మెమరీ ఉంటే చాలు, ఇది నడుస్తుంది. విండోస్ 11 కోరే మెమరీలో ఇది దాదాపు 90వ వంతు మాత్రమే.

ఈ పొదుపుకు ఒక కారణం బిజీబాక్స్ అనే ప్రోగ్రాము. ఫైళ్ళ జాబితా చూపడం, నకలు తీయడం, పేరు మార్చడం వంటి పనులకు సాధారణంగా వేర్వేరు ప్రోగ్రాములుంటాయి. బిజీబాక్స్‌లో అవన్నీ ఒక్కటే. పగటివేషగాడు ఒకనాడు శివుడు, మరొకనాడు సోమయాజులు అయినట్లు, ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. అన్ని పనులకూ అవసరమైన ఉమ్మడి భాగాలు ఒకేసారి ఉంటాయి గనుక చోటు కలిసివస్తుంది. 1995లో బ్రూస్ పెరెన్స్ దీనిని వ్రాసినది కూడా ఇరుకులోనే: డెబియన్ లినక్స్‌ను స్థాపించే సామగ్రి ఒక్క ఫ్లాపీలో ఇమడాలని.

రెండవ విశేషం మరింత ఆసక్తికరమైనది. కంప్యూటరులో డిస్కు నోటు పుస్తకం వంటిది, మెమరీ నల్లబల్ల వంటిది. కరెంటు పోతే నల్లబల్లపై వ్రాసినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. టైనీకోర్ ప్రతిసారీ కెర్నెలును, కుదించి ఉంచిన మరొక ఫైలును డిస్కునుండి తెచ్చి, మెమరీలో విప్పుకొని అక్కడినుండే పనిచేస్తుంది. కనుక ఎవరైనా పొరపాటున ముఖ్యమైన మూలఫైలు చెరిపివేసినా, మరల ప్రారంభించగానే వ్యవస్థ మొదటిరోజు వలెనే ఉంటుంది. పలువురు విద్యార్థులు వాడే యంత్రానికి ఇంతకంటె ఏమి కావాలి? నిలుపుకొనదలచిన ఫైళ్ళను మాత్రం ఒక జాబితాలో పేర్కొంటే, ఆపేటప్పుడు వాటిని కట్టగట్టి డిస్కులో దాస్తుంది, తరువాత తిరిగి తెచ్చుకుంటుంది.

తక్కినదంతా వాడేవారి ఇష్టం. ఇందులో వ్రాత పనికి పెద్ద సాధనం లేదు, బ్రౌజరు లేదు, తెలుగు అక్షరాలు సరిగా చూపే ఏర్పాటూ విడిగా చేర్చుకోవలసినదే. కావలసినవి ‘ఎక్స్‌టెన్షన్లు’ అనే ఫైళ్ళుగా లభిస్తాయి. వీటిని డిస్కుపై విప్పి పరచరు, కుదించినవి కుదించినట్లే ఉంచి, చదువుటకు మాత్రమే వీలుగా వ్యవస్థకు తగిలిస్తారు. ఏవి ఆరంభంలోనే రావాలో, ఏవి అడిగినపుడు రావాలో వాడేవారే వ్రాసిపెట్టవచ్చును.

చిక్కులు లేకపోలేదు. వైర్‌లెస్ సాధనాలు కూడా మూలభాగంలో లేవు. వాటిని తెచ్చుకొనడానికి ఇంటర్నెట్టు కావాలి, ఇంటర్నెట్టుకు అవి కావాలి. చేద బావిలో ఉండి, దానిని తీయడానికి మరొక చేద వెతికినట్లు! అందుకే తీగ కనెక్షను ఉన్నవారికి చిన్న రూపమూ, లేనివారికి ఆ సామగ్రిని కూడా చేర్చిన కోర్‌ప్లస్ అనే పెద్ద రూపమూ ఇస్తున్నారు. మరొక సంగతి: మామూలుగా ఇది సంకేతపదం అడగకుండానే తెరుచుకుంటుంది, బడిలో వాడేవారు ఇది గమనించాలి. ఇక నేటి బ్రౌజరు ఒక్కటే వందల మెగాబైట్ల మెమరీ మింగుతుంది. సారథి ఎంత తేలికైనా బండిలో వేసే బస్తాల బరువు తగ్గదు. పాత యంత్రంపై ప్రోగ్రాములు వ్రాయడం, పాఠాలు టైపు చేయడం హాయిగా సాగుతాయి గాని, వీడియోల విషయంలో ఆశ పెట్టుకోరాదు.

దీనిని పరీక్షించడానికి యంత్రంలో ఉన్నదానిని తీసివేయనక్కర లేదు. యూఎస్‌బీ ముక్కపై ఎక్కించి, దానినుండే ప్రారంభించవచ్చును. అప్పుడు టెర్మినల్‌లో ‘ఫ్రీ’ అనే ఆజ్ఞ ఇస్తే ఎంత మెమరీ వాడుకలో ఉన్నదో కనిపిస్తుంది. ఒక్కొక్క ఎక్స్‌టెన్షను చేర్చి మరల అదే ఆజ్ఞ ఇస్తూ, ఆ అంకెలను నోటు పుస్తకంలో పట్టిక వేసుకుంటే, ఏ సౌకర్యానికి ఎంత మూల్యమో విద్యార్థులే లెక్కకట్టగలుగుతారు.