హత్యకేసులు - జామీను

శిరివెళ్ల, ఆళ్లగడ్డల వైపు హత్యకేసులో ముద్దాయికి జామీను దొరికెనన్న వార్త రాగానే ఒక వీధి సంబరపడును. ఇంకొక వీధి తలుపులు వేసికొనును. కేసు పోయినదని వారును, న్యాయము అమ్ముడుపోయినదని వీరును తలతురు. ఇరువురును పొరబడుచున్నారు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షాసంహిత 480వ సెక్షను ప్రకారము, మరణశిక్షకో యావజ్జీవఖైదుకో తగిన నేరము చేసెనని నమ్ముటకు కారణములున్నయెడల మేజిస్ట్రేటు సాధారణముగా జామీను ఈయరాదు. 483వ సెక్షనుక్రింద సెషన్సు కోర్టును హైకోర్టును ఈయవచ్చును. ఇట్టి కేసులలో 90 దినములలో ఛార్జిషీటు దాఖలు కానిచో జామీను ముద్దాయి హక్కే యగును. అప్పుడు జడ్జీని నిందించువారు పోలీసు స్టేషను వైపు చూడరు!

1977 డిసెంబరులో, సెషన్సు కోర్టు విడిచిపెట్టగా హైకోర్టు శిక్షించిన ఆంధ్రప్రదేశపు హత్యకేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యరు గారు జామీను నిచ్చిరి. నేరము ఎంత ఘోరమనియే గాక, ముద్దాయి పారిపోవునా, సాక్షులను బెదిరించునా యనియు చూడవలెనని వివరించిరి.

ఈ సీమకు ముఖ్యమైనది ఆ కడపటి ప్రశ్నయేయని మా యభిప్రాయము. సాక్షి పొలమును ముద్దాయి పొలమును ఒకే కాలువక్రింద నుండును. పూచీదారు పట్టాపుస్తకము చూపినంతమాత్రమున ఆ సాక్షికి రాత్రి నిద్రపట్టునా? విచారణ ముగియువరకు ఊరిలో అడుగిడరాదను షరతు కోర్టువారు పెట్టవచ్చును. ముద్దాయి పైరు ఎండునందురు. జైలులోనున్నను ఎండును గదా! షరతు తప్పినచో జామీను రద్దుచేయుమని సర్కారుపక్షము కోరవచ్చును. అందుకు ముందు తప్పినదో లేదో తెలియవలెను. వారమునకొకమారు సంతకము తీసికొనుటతో పోలీసువారి పని తీరదు. సాక్షి యింటికి పోయి యడుగవలెను.