రాసిన జన్యువు – రైతు విత్తనం

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్లు వైరస్ తెగులు వేరుశనగను ఊడ్చేసింది. వయ్యారిభామ పుప్పొడితో, తామర పురుగుల వల్ల పైరుకు చేరే ఈ తెగులుకు మందు లేదు. గుజరాత్‌లోని జునాగఢ్ శాస్త్రవేత్తలు ఆ వైరస్ జన్యువునే వేరుశనగలో చొప్పించి తట్టుకునే మొక్కల్ని తయారుచేశారు. అవింకా పొలానికి రాలేదు.

ఇప్పుడు జన్యువును వెతికి తీయనక్కర్లేదు, రాసుకోవచ్చు. డి.ఎన్.ఏ. అంటే నాలుగక్షరాల రాత. రసాయనాలతో ఆ అక్షరాలు కూర్చి 1970లోనే హరగోవింద్ ఖొరానా బృందం పూర్తి జన్యువు తయారుచేసింది. బి.టి. పత్తిలోనిదీ నేలలోని బాక్టీరియా జన్యువును మొక్కకు అనువుగా తిరగరాసిందే.

అయితే 2002లో అనుమతి పొందిన ఆ పత్తికి కొన్నేళ్లకే గులాబీరంగు కాయతొలుచు పురుగు అలవాటు పడింది. విత్తన ధర తగ్గించడానికి 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందు వాదించాల్సి వచ్చింది.

మన చేలో పండిన కాయలే మరుసటేటికి విత్తనం. అందుకే రాసిన జన్యువుతో విత్తనమొస్తే రైతు అడగాల్సినవి మూడు. వానలేని ఏడు మన నేలలో పరీక్షించారా? మనిషికి, పశువుకు హాని లేదని ఎవరు తేల్చారు? దాచుకుని మళ్లీ వేసుకోవచ్చా? ఈ హక్కు 2001 నాటి కేంద్ర చట్టం రైతుకిచ్చింది. దాన్ని వదులుకోవద్దు.